సలాలా ఇంటి గడప

ఎవరి ఇంటికి వెళ్లినా నా చూపు ముందు నేల మీదికే పోతుంది. గోడల రంగులు, కిటికీల పరదాలు ఆ తర్వాతి సంగతి. మా నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో బండలకు అంచులు కొట్టేవాడు. ఇంటికొచ్చి తలగుడ్డ దులిపితే బూడిదరంగు దుమ్ము రాలేది. ఆ దుమ్ములోనే అన్నాలు తిని పెరిగాం. అందువల్లనో ఏమో, ఏ ఇంటినైనా కింది నుంచి పైకి చూడడం నాకు అలవాటైపోయింది. ముందు గడప, తర్వాత నేల, గోడ ఎంత మందం, మెట్లు ఎటు తిరిగాయి, పైకప్పును ఏది మోస్తోంది. మా అమ్మాయి నన్ను ఆటపట్టిస్తుంది, ముందు మనుషులను పలకరించమ్మా, బండల యోగక్షేమాలు తర్వాత అడుగుదువు అని. కోపం వస్తుంది గాని దాని మాట నిజమే.

ఆ అమ్మాయి ఇప్పుడు మస్కట్‌లో, బౌషర్ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. ఈమధ్య దాని దగ్గర కొన్నాళ్లు ఉండి వద్దామని వెళ్లాను. వెళ్లిన రోజు నుంచీ ఒమాన్ దక్షిణపు కొసన సముద్రం ఒడ్డునున్న సలాలా తీసుకుపొమ్మని దాని ప్రాణం తోడేశాను. ఎడారిలో అంత దూరం బస్సు ప్రయాణం, నడుము నొప్పి మనిషివి, అక్కడ నీకు ఎవరున్నారని అది వాదించింది. ఎవరున్నారో నాకూ తెలియదు. ఒక ఇల్లు ఉండాలి, ఉందో లేదో చూసి వస్తే చాలన్నాను. చివరికి సెలవు పెట్టి తీసుకెళ్లింది. బస్సు కొండ దిగి, కిటికీలోంచి కొబ్బరిచెట్ల తలలు కనిపించేసరికి, అరవైకి దగ్గరపడిన దాన్ని, సీట్లోంచి లేచి నిలబడిపోయాను. పక్క సీటాయన నాకేదో అయిందనుకుని మంచినీళ్ల సీసా ఇచ్చాడు. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే పాత బజారుకు నడుచుకుంటూ బయలుదేరాం. అక్కడ ఏం కనిపించిందో చివర చెబుతాను. ముందు ఆ ఇంటిని మీకు చూపించాలి, లేకపోతే కనిపించినదాని రుచి తెలియదు.

నేను ఆ ఇంటికి పనికి వెళ్లేటప్పటికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. మొగుడు మరో ఊరు, మరో సంసారం చూసుకున్నాడు. చంకలో బిడ్డతో పుట్టింటికి చేరాను. బిడ్డను మా అమ్మ చేతికిచ్చి, ఏజెంటు చూపించిన విమానం ఎక్కాను. దాన్ని మంచి బడిలో వేయాలి, చదువు ఆగకుండా చూడాలి. నాకు తెలిసిన ఆశయం ఆ ఒక్కటే. నన్ను పెట్టుకున్న ఇంటావిడ ముసలామె. పనివాళ్లు అక్కడ ఇంటి ఆడవాళ్లను మామా అని, మగవాళ్లను బాబా అని పిలుస్తారు. మా ఊళ్లో మామ అంటే మీసాలున్న మనిషి కాబట్టి మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. ఈమె అందరికన్నా పెద్దది గనుక మామా కబీర్, పెద్దమ్మ అన్నమాట. నా పేరు నాగమ్మ. ఆమె నోట్లో అది నగ్మా అయింది, అక్కడున్నన్నాళ్లూ నేను నగ్మానే.

ఇల్లు సముద్రానికి దగ్గర, బజారు వీధి మొదట్లో. మూడంతస్తులు, ఆ వీధికంతా అదే ఎత్తు. తెల్లటి మెత్తని సున్నపురాయిని దిమ్మెలుగా కోసి, పేర్చి, సున్నం పూసిన గోడలు. కింది కిటికీ గూట్లో నేను కాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఇంకా చోటు మిగిలేది, గోడ అంత మందం. పైకి పోయేకొద్దీ అదే గోడ పలచబడేది. ఇంటి నడుమ ఒక చదరపు రాతి స్తంభం, దాని చుట్టూ తిరుగుతూ మెట్లు మిద్దె మీదికి పోయేవి. కింది అంతస్తు మనుషుల కోసం కట్టింది కాదు, సరుకు కోసం కట్టింది. మామా కబీర్ భర్త, ఆ ఇంటి పెద్దాయన వ్యాపారం నడిచిన రోజుల్లో అందులో సాంబ్రాణి మూటలు, ఎండు చేపలు, జొన్నలు, పడవల్లో వచ్చిన బట్టల బేళ్లు ఉండేవట. ఆయన పోయి, గదులు ఖాళీ అయి చాలా కాలమైనా గోడలు ఆ వాసనను వదల్లేదు. వానాకాలంలో సముద్రం మీంచి సన్నటి తుంపర నెలల తరబడి కురిసేది. అప్పుడు గోడ చెమ్మగిల్లి, చేపా సాంబ్రాణీ కలిసిన వాసన మెట్ల వెంట పైకి ఎక్కి వచ్చేది. మొదటి ఏడు కడుపులో తిప్పింది. రెండో ఏడు దాని కోసం ఎదురుచూశాను.

మధ్య అంతస్తులో వంటిల్లూ, మామా కబీర్ పడకగదీ, దాని వెనక నా చిన్న గదీ. పైన అతిథులు కూర్చునే పెద్ద గది. దాని గోడల నిండా వరసగా గూళ్లు, ఒక్కో గూటికి పైన చిన్న కమాను. గూళ్లలో పూల పింగాణీ పళ్లేలు నిలబెట్టి ఉండేవి. రోజూ ఒక్కో పళ్లెం తీసి తుడిచి మళ్లీ పెట్టాలి. కిటికీలు జంటలు జంటలుగా, చెక్క జాలీలతో. బయటివాళ్లకు లోపల కనిపించదు, లోపలివాళ్లకు బజారంతా కనిపిస్తుంది. పొద్దున ఏలకులు వేసిన కాఫీ కాచి, ఖర్జూరాల పళ్లెంతో మామా కబీర్‌ను కిటికీ దగ్గర కూర్చోబెడితే, పొద్దెక్కేదాకా వీధిలో ఎవరు ఎవరితో పోతున్నారో నాకు చెబుతూ ఉండేది. సాయంత్రం మట్టి కుంపటిలో నిప్పులు వేసి, సాంబ్రాణి పలుకులు చల్లి, గది గదికీ పొగ చూపించాలి. ఆమె బట్టలకూ జుట్టుకూ పట్టించాక నన్ను కూడా పిలిచి, కొంగు చాపమనేది. ఆ వాసనతోనే నిద్రపోయేదాన్ని.

ఇక తలుపు. వీధి వైపు రెండు రెక్కల టేకు తలుపు, ఇనుప గుబ్బలు, ద్వారబంధం చుట్టూ తీగలూ నక్షత్రాలూ చెక్కి ఉండేవి. ఆ టేకు మన దేశం నుంచే పడవెక్కి వచ్చిందట. నువ్వూ ఈ తలుపూ ఒకే దిక్కు నుంచి వచ్చారని మామా కబీర్ నాతో అనేది. ఆమె పెళ్లికూతురుగా ఆ తలుపులోంచే లోపలికి వచ్చింది. కింద గడప దిట్టమైన చెక్కది, మోకాలి ఎత్తులో సగం. కాని దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చెప్పులతో తొక్కేవాళ్లు, మట్టి పేరుకుపోయి ఉండేది. నాకు మాత్రం మనసు ఒప్పేది కాదు. మా అమ్మ ఇంట్లో గంజికి గతిలేని రోజున కూడా శుక్రవారం గడప కడిగేది. నీళ్లు పోసి, చేత్తో రుద్ది, గడపా ద్వారబంధమూ కలిసే మూలలో దుమ్ము దాక్కుంటుందని అక్కడ బొటనవేలు పెట్టి రెండుసార్లు తోమేది. ఆ తర్వాతే పసుపు. సలాలాలో నాకు కిందికి దిగే పనే ఉండేది కాదు, దిగినా అది నా గడప కాదు.

నేను వెళ్లిన కొన్నేళ్లకు ఊరు మారడం మొదలైంది. రోడ్లు వెడల్పయ్యాయి, వీధి దీపాలు వచ్చాయి, మలయాళీలు బజారులో కొట్టు మీద కొట్టు తెరిచారు. మామా కబీర్ పెద్దకొడుకు బాబా సాలిమ్ కొత్త పేటలో విల్లా కట్టుకుని ఉండేవాడు. కింది అంతస్తు ఊరికే పడి ఉందని, గోడలు తెరిచి కొట్లు చేస్తానని ఒక రోజు తల్లికి చెప్పాడు. తెరవాలంటే వీధి తలుపు పోవాలి. మామా కబీర్ ఆ పూట కాఫీ ముట్టలేదు. రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమే దారి చెప్పింది. తలుపును పక్క సందులోకి మార్చాలి, అక్కడి నుంచి మెట్లకు దారి పెట్టాలి. ఆ తలుపులోంచి వచ్చాను, ఆ తలుపులోంచే పోతాను, అది నిలబడితే పైన ఉంటాను, నిలబడకపోతే మీ ఇంటికి తీసుకుపోండి అంది. కోడలు మామా నూరాకు ఈ ఏర్పాటు నచ్చలేదు. పాత గోడ, బరువు తలుపు, ముసలిమనిషి, ఏదైనా అయితే ఎవరు జవాబుదారీ అని ఆమె భయం. ఆమె చెడ్డది కాదు, భయస్థురాలు. అయితే విల్లాలో అప్పటికే ఇద్దరు పనివాళ్లున్నారు. మామా కబీర్ అక్కడికి మారితే నా వీసా రద్దు, నేను ఇంటికి, నా బిడ్డ బడి సంగతి దేవుడికి. తలుపు నిలబడాలని ఆ ఇంట్లో మామా కబీర్ తర్వాత అంత గట్టిగా కోరుకున్నది నేనే.

పని మొదలైన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పొద్దున కాఫీ కాస్తుంటే కింది నుంచి ఒక గొంతు వినిపించింది, "ఒరేయ్, గా జాకి గట్ల వెట్టకురా, మీద వడ్తది." చేతిలో గరిటె చేతిలోనే ఉంది. నెలల తరబడి నా నోట్లోంచి తప్ప తెలుగు విననిదాన్ని. గరిటెతోనే మెట్లు దిగి పరుగెత్తాను. కింద సిమెంటు సంచుల మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని ఒక మేస్త్రి నిలబడి ఉన్నాడు. అన్నా, మీది యా ఊరు అన్నాను. ఆయన నన్నూ గరిటెనూ మార్చి మార్చి చూసి, జగిత్యాల దిక్కు అని చెప్పి, అరబ్బుల ఇంట్లోంచి తెలుగు మాట రావడమేందని నవ్వాడు. పేరు రాజయ్య. ఆ రోజు నుంచి నేను చెల్లెను, ఆయన రాజన్న.

ఆ తర్వాతి నెలలన్నీ నాకు తిరునాళ్లే. పళ్లేలు తుడిచే పని ఉరుకులు పరుగులతో ముగించి, ఏదో వంకతో కిందికి దిగేదాన్ని. ముందు పైకప్పు కింద వరసగా ఇనుప జాకీలు నిలబెట్టారు. బరువు జాకీల మీదికి ఎక్కాక గోడను కొంచెం కొంచెంగా కోసి, కోసిన చోట పైన ఇనుప కడ్డీలు పరిచి, కాంక్రీటు దూలం పోశారు. అది గట్టిపడే దాకా ఎవరూ దాని కింద నిలబడకూడదు, రాజన్న నన్ను కూడా కసిరేవాడు. నడిమి స్తంభం జోలికి ఎవరూ పోలేదు, కొట్లన్నీ దాని చుట్టూ సర్దుకున్నాయి. మొదటి గోడ తెరుచుకున్న రోజు మామా కబీర్ కిటికీలో, నేను మెట్ల మీద. కట్టినప్పటి నుంచి చీకట్లో ఉన్న సరుకు గదిలోకి ఎండ నేరుగా వచ్చి పడింది. ఏళ్ల నాటి సాంబ్రాణి వాసన గుప్పున వీధిలోకి వెళ్లింది. బజారులో పోతున్న వాళ్లు ఆగి, ముక్కులు పైకెత్తి, ఎక్కడి నుంచి వస్తోందా అని చూశారు. ముసలాయన ఒకడు ఇది ఫలానా షావుకారు సరుకు వాసన అని పెద్దాయన పేరు చెప్పాడట. ఆ మాట పైకి చేరగానే మామా కబీర్ కళ్లు తుడుచుకుని, కింద పనివాళ్లందరికీ కాఫీ ఇమ్మంది.

ఆమెకు కూడా హుషారు వచ్చేసింది. ఏ కొట్టు ఎవరికి ఇవ్వాలో జాలీ వెనక కూర్చునే తీర్మానించేది. ఒకటి దర్జీకి, ఒకటి కొబ్బరిబోండాలూ పండ్లరసాలూ అమ్మే కేరళ అబ్బాయికి, మూలది క్యాసెట్ల కొట్టుకు. క్యాసెట్ల కొట్టులో పాత గోడ గూళ్లు కొన్ని మిగిలాయి. పూడ్చేయమని బాబా సాలిమ్ చెబితే, ఉండనీయమని తల్లి కబురు పంపింది. తీరా చూస్తే ఆ గూళ్లలో క్యాసెట్లు కొలిచి చేయించినట్టు పట్టాయి. ఇనుప షట్టర్లు బిగించిన రోజు ఆమె వాటిని ఎత్తించీ దించించీ ఆ చప్పుడు విని చిన్నపిల్లలా నవ్వింది. అయితే పాత తలుపు ఊడదీసిన రోజు నుంచి ఆమె కింద కాలు పెట్టలేదు. సందులోని కొత్త దారికి అప్పటికి రేకు అడ్డం పెట్టి ఉంది. తలుపు నిలబడ్డాకే దిగుతానంది.

చివరికి మిగిలింది ఆ తలుపే. శుక్రవారం మధ్యాహ్నం కుటుంబమంతా పైన భోజనానికి వస్తుంది, ఆలోపు ద్వారబంధం నిలబెట్టాలని బాబా సాలిమ్ మాట. శుక్రవారం కంపెనీకి సెలవు, అయినా రాజన్న వస్తానన్నాడు. ముందురోజు సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో పసుపు ఉందా అని అడిగాడు. వంటింట్లో పసుపు లేకుండా ఉంటుందా అన్నాను. కుంకుమ కూడా కావాలన్నాడు. నా పెట్టెలో అడుగున చిన్న రేకు డబ్బాలో ఉందని చెప్పాను.

"పసుపు వెట్టకుంట దర్వాజ నిలవెడితె నాకు రేపు బుక్కెడు బువ్వ దిగది చెల్లె. ఏ దేశమైతేంది, ఇల్లు ఇల్లే గద. కడప ఊరిదానివి, నీకు నేను జెప్పాల్నా?" అన్నాడు. వాళ్ల వైపు గడపను కడప అంటారు, మా జిల్లా పేరు కూడా అదే.

నాకు చెప్పనవసరం లేదు. అసలు ఆ మాట వినగానే నా కాళ్లు నేల మీద ఆగలేదు. తెల్లవారగానే బాబా సాలిమ్ తోట నుంచి వచ్చే పండ్ల బుట్ట మీద కప్పిన మామిడాకులు తీసి తోరణం కుట్టాను. ద్వారబంధం లేచింది. రసమట్టం పెట్టి చూసి, చీలలు కొట్టి, రాజన్న సరే అన్నాడు. గడప నిండుగా, పక్క నిలువు చెక్కలకు మూరెడు ఎత్తున పసుపు పూశాను. కుంకుమ బొట్లు పెట్టాను. ఆయన నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, గడపకు అటొక చెక్క ఇటొక చెక్క పెట్టాడు. వెనక్కి వచ్చి నిలబడి చూసుకున్నాం. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. మా వీధిలో కొత్త ఇల్లు లేచినట్టే ఉంది. ఇది ఎవరి ఇల్లు, ఏ మతం, చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుంది అన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. రాజన్న మీసం కూడా దువ్వుకున్నాడు.

కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. ముందు మామా నూరా దిగింది. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. కోసిన నిమ్మకాయ, ఎర్రటి మరక, పచ్చటి గడప. సిహర్, సిహర్ అంటూ వెనక్కి పరుగెత్తి కారెక్కి కూర్చుంది. సిహర్ అంటే చేతబడి. అక్కడ అది నవ్వులాట మాట కాదు. పనిమనిషి చేతబడి చేసిందంటే పోలీసులు వస్తారు. బాబా సాలిమ్ వచ్చి చూసి, ఎవరు చేశారని అడిగాడు. రాజన్న నేనే అన్నాడు, నేను కూడా నేనే అన్నాను. సాయంత్రానికి పోలీసులకు చెప్పాలా, ముందు వీసా రద్దు చేయాలా అని ఆయన తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. నాకు మా అమ్మా, బిడ్డా కళ్ల ముందు కదిలారు.

అప్పుడు మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. మామా కబీర్ దిగి వస్తోంది. తలుపు నిలబడిందని సందు వైపు కిటికీలోంచి చూసి తనంతట తనే బయలుదేరింది. గడప లోపలి వైపు వచ్చి నిలబడి, కిందికి చూసి, నన్ను చూసింది.

"ఇది ఏమిటి నగ్మా?"

నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో చెప్పాను. "మా ఊళ్లో కొత్తగా తలుపు నిలబెడితే ఇలా చేస్తాం మామా. ఇంటికి మంచి జరగాలని. ఇంట్లో పెద్దావిడ లోపలికి వస్తుందని."

ఆమె నీళ్లు తెమ్మంది. బకెట్ తెచ్చాను. కర్ర గోడకు ఆనించి, చేతులు పైకి మడిచి, నెమ్మదిగా గడప ముందు కూర్చుంది. నేను చేస్తానని ముందుకు వెళ్తే వద్దని చేయి అడ్డం పెట్టింది. బిస్మిల్లా అని నీళ్లు పోసి, తన చేత్తో పసుపంతా కడగడం మొదలుపెట్టింది. నిమ్మచెక్కలు తీసి సందులోకి విసిరింది. తోరణం తీయమంది, తీశాను. పసుపు నీళ్లు సందులో కాలవ కట్టాయి. నా కళ్లలో కూడా నీళ్లే. పెట్టిన రోజే పసుపు కడిగేస్తుంటే చూడలేక రాజన్న వైపు తిరిగాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏడుస్తవేంది చెల్లె? ఇంటి పెద్దామె సొంత చేతులతోని కడప కడుగుతుంది. ఇంకేం గావాలె?"

నిజమే. నాకు తట్టలేదు. కొత్త గడపను ఇంటి ఇల్లాలు కడగాలి, అంతకన్నా శుభం మా వైపు మాత్రం ఏముంది? ఆమె తన లెక్కలో చెడు కడిగేస్తోంది, మా లెక్కలో మంచిని పిలుస్తోంది. నీళ్లు అవే. కడిగి కడిగి, మూలల్లో పసుపు ఇంకా మిగిలి ఉందని ఆమె విసుక్కుంటే, ఇక ఆగలేక పక్కన కూర్చుని, మా అమ్మ చేసినట్టు బొటనవేలు మూలలో పెట్టి తోమి చూపించాను. ఆమె నా వేలును చూసి, రెండో మూల అలాగే తోమింది. తర్వాత కుంపటి తెప్పించి గడప చుట్టూ సాంబ్రాణి పొగ చూపించింది. లేచి, కుడికాలు బయట పెట్టి, తిరిగి కుడికాలు లోపల పెట్టింది. పెళ్లినాటి తలుపును చేత్తో ఒకసారి తడిమింది. కొడుకుతో, "నూరాను రమ్మను. గడప కడిగాను. నేను ఇక్కడే ఉంటాను, నగ్మా నాతో ఉంటుంది" అంది. అంతే. బాబా సాలిమ్ కారు దగ్గరికి వెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. రాజన్నకు ఆ పూట పైన అందరితో పాటు పెద్ద పళ్లెంలో భోజనం, రెండోసారి అడిగి మరీ తిన్నాడు. మామా నూరా మాత్రం గడప మీద కాలు ఆనకుండా ఎత్తి ఎత్తి దాటింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం పొద్దున మామా కబీర్ నీళ్లు అనేది. నేను కడిగేదాన్ని, మూలలు మాత్రం తనే తోముతానని పక్కన పీట వేసుకుని కూర్చునేది. నమాజు రోజున ఇల్లు శుభ్రంగా ఉండాలని ఆమె, లక్ష్మీదేవి రోజని నేను. ఒకరినొకరం అడగలేదు. కింద దర్జీ మిషను, క్యాసెట్ల కొట్టులో పాట, షట్టర్లు లేచే చప్పుడు, ఆ సందులో మేమిద్దరం బకెట్టుతో. నా బతుకులో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు అవేనేమో అనిపిస్తుంది. ఏళ్ల తర్వాత ఆమె ఆ తలుపులోంచే, నలుగురి భుజాల మీద, తను చెప్పినట్టే వెళ్లింది. ఆ శుక్రవారం గడప నేను ఒక్కదాన్నే కడిగాను. మామా నూరా మెట్ల మీద నిలబడి చూసింది. నెల తిరక్కుండా నేను ఇంటికి వచ్చేశాను. అప్పటికి నా బిడ్డ హైస్కూల్లో ఉంది.

ఇక మొన్నటి శుక్రవారం. బజారు వీధిలోకి తిరగగానే ఇల్లు కనిపించింది. ఉంది, నిటారుగా ఉంది. కాని కొట్లన్నీ మూతపడ్డాయి. షట్టర్లు తుప్పు పట్టి, దర్జీ బోర్డులో సగం అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. ఇప్పుడు అందరూ చల్లటి మాల్స్‌లో కొనుక్కుంటున్నారట. మా రోజుల్లో గోడ బద్దలుకొట్టి వీధిని లోపలికి పిలవడమే గొప్ప. ఇప్పుడు వీధే లేచి వెళ్లిపోయింది. క్యాసెట్లు పోయాయి, క్యాసెట్లు అమ్మినవాళ్లు పోయారు. రాజన్న ఎక్కడున్నాడో తెలియదు. మా అమ్మాయి నా మొహం చూసి, పోదామా అమ్మా అంది. ఆగు, సందులో చూడాలి అని దాన్ని లాక్కుపోయాను.

సందులో తలుపు తెరిచి ఉంది. అదే టేకు, అవే తీగలు, నక్షత్రాలు. గడప ముందు నల్లటి అబాయా చేతులు మోచేతుల దాకా మడిచి, పక్కన బకెట్టుతో, ఇరవై దాటిన అమ్మాయి కూర్చుని గడప కడుగుతోంది. నా అడుగులు ఆగిపోయాయి. నీళ్లు పోసి, అరచేత్తో రుద్ది, తర్వాత బొటనవేలు మూలలో పెట్టి తోమింది. ఒకసారి. రెండోసారి. తర్వాత రెండో మూల. మా అమ్మ జన్మలో సలాలా చూడలేదు.

మేం చూస్తున్నామని ఆ పిల్ల తలెత్తి నవ్వింది. పైన తాను అత్తరు, సాంబ్రాణి కలిపి అమ్ముతానని, కావాలంటే వచ్చి చూడమని చెప్పింది. మెల్లగా అరబ్బీ వెతుక్కుని, ఎందుకమ్మా ఇంత జాగ్రత్తగా కడుగుతున్నావు అని అడిగాను. పిన్నీ అన్నట్టు నన్ను ఖాలా అని పిలిచి చెప్పింది.

"మా అమ్మ నూరా నేర్పింది ఖాలా. ఇది మా ధోఫార్ ప్రాంతంలో తాతల నాటి ఆచారం. విల్లా వదిలి ఈ ఇంటికి మారినప్పటి నుంచీ, శుక్రవారం గడప కడగకపోతే అమ్మ మెట్లు దిగదు, ఎవరినీ లోపలికి రానివ్వదు."

మా అమ్మాయికి అరబ్బీ నాకన్నా బాగా వచ్చు. ఈ కథ నా దగ్గర లెక్కలేనన్ని సార్లు విన్నది. దానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏదో చెప్పబోయింది. దాని చేయి గట్టిగా పట్టుకుని నొక్కాను. పై కిటికీ జాలీ వెనక నుంచి ఒక ముసలి గొంతు, మూలలు తోమావా అని అడిగింది. తోమానమ్మా అని ఈ పిల్ల కేక వేసి, తడి చేతులు దులుపుకుని లేచి, పక్కకు జరిగి మాకు దారి ఇచ్చింది.

"తడిగా ఉంది, చూసి రండి. ముందు కుడికాలు పెట్టాలి ఖాలా, మీకు తెలిసి ఉండదు" అంది.

సరేనమ్మా అని, చెప్పులు సందులోనే విడిచి, ఆ పిల్ల చెప్పినట్టే కుడికాలు ముందు పెట్టాను.